సిస్టరమ్మ కారు ఎడమకి లాగింది

ముప్పై నాలుగేళ్ళు బళ్ళకి అద్దాలు బిగించాను. మొదట లారీలకి, బస్సులకి, జీపులకి. చివరి పదేళ్ళూ ఎక్కువగా కార్లకి. అన్నేళ్ళలో ఒక్కసారే, ఎవరూ పిలవకుండా, ఒక కస్టమరు ఇంటికి స్కూటరేసుకుని వెళ్ళి గంట కొట్టి, "తప్పు నాదండీ" అని చెప్పాను. రిటైరై రెండేళ్ళయింది. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఎక్కడైనా కలిస్తే, "మీ రోజుల్లో ఎలా చేసేవారండీ?" అని అడుగుతారు. వాళ్ళు వినాలనుకునేది తాడు పెట్టి బస్సు అద్దం ఎక్కించిన కథ. అదీ చెబుతాను, అడిగితే కాదనను. కానీ వాళ్ళకి పనికొచ్చేది మాత్రం ఇది.

మాది శ్రీకాకుళం వైపు కుటుంబం. నాన్న రాయ్‌పూర్ దగ్గరి ఉక్కు ప్లాంటులో పనిచేసేవాడు, సెక్టర్ 6లో కంపెనీ క్వార్టరు. నాకు ప్లాంటులో ఉద్యోగం రాలేదు. దానికి ఇంట్లో అందరూ దిగులుపడ్డారు గానీ నేను పడలేదు. అప్పటికే ఒక అద్దాల షాపులో కుదిరి, అక్కడి ఉస్తాద్ వెనక తిరుగుతున్నాను. ఆయన లారీ అద్దాన్ని వేలి కణుపుతో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టి, ఎక్కడ నెర్ర ఉందో చెప్పేసేవాడు. రబ్బరు బీడింగులో తాడు చుట్టి, ఒకరు బయటినుంచి అద్దాన్ని అరచేతులతో నొక్కుతుంటే లోపలినుంచి తాడు లాగుతూ అంచు ఎక్కించే పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "కాంచ్ ఝూట్ నహీ బోల్తా" అనేవాడు. అద్దం అబద్ధమాడదు. నిజమే, ఆడదు. దాన్ని బిగించినవాడు ఆడగలడన్న సంగతి ఆయన చెప్పలేదు. అది నాకు తట్టడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

తరవాత హథ్‌ఖోజ్‌లో ఒక పెద్ద షాపుకి మారాను. రబ్బరు పోయి గమ్ వచ్చింది. పాత అద్దాన్ని సన్నటి తీగతో కోసి తియ్యడం, అంచు శుభ్రం చేసి గమ్ వరస పొయ్యడం, వాక్యూమ్ కప్పులతో కొత్త అద్దాన్ని ఎత్తి ఒక్క ఊపులో కూర్చోబెట్టడం. చుట్టూ సందు సమానంగా ఉందో లేదో బొటనవేలితో తడిమి చెప్పేవాణ్ణి. నాతో పందెం కట్టి స్కేలుతో కొలిచినవాళ్ళు ఓడిపోయేవారు. ఈ పొగరు కథకి అవసరం కాబట్టి చెబుతున్నాను.

ఆ తరవాత కెమెరాలున్న కార్లు వచ్చాయి. ముందు అద్దానికి లోపలివైపు, నడిమికి పైన, అగ్గిపెట్టెంత కెమెరా ఒకటి ఉంటుంది. రోడ్డు మీద తెల్లగీతలనీ ముందు పోయే బళ్ళనీ చూస్తుంది. బండి గీత దాటబోతే స్టీరింగుని తనే కాస్త లోపలికి తిప్పుతుంది. అద్దం మార్చినప్పుడు ఆ కెమెరాని ఊడదీసి కొత్త అద్దానికి పెడతాం. అలా పెట్టడంలో అది వెంట్రుకవాసి పక్కకి తిరిగిందంటే, యాభై గజాల అవతల గీత ఒక చోట ఉంటే దానికి ఇంకో చోట కనిపిస్తుంది. అందుకని బండి ఎదురుగా కొలత ప్రకారం నల్లతెల్ల గళ్ళ బోర్డు నిలబెట్టి, కంప్యూటరు తగిలించి, 'ఇదిగో నీకు నడిమి ఇది' అని కెమెరాకి మళ్ళీ నేర్పాలి. దాన్ని కాలిబ్రేషన్ అంటారు.

ఆ పనికి మా సేఠ్ ఒక డిప్లొమా అమ్మాయిని తీసుకున్నాడు. విజయనగరం వాళ్ళ పిల్లే, కానీ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. హిందీ గలగలా, తెలుగు తడుముకుంటూ. ముప్పై ఏళ్ళుంటాయి. నేలమీద దారం పట్టి, గీతలు గీసి, టైర్లలో గాలి చూసి, బోర్డుని ఇటు రెండు వేళ్ళు అటు రెండు వేళ్ళు జరిపి, ప్రతీదీ రిజిస్టరులో రాసేది. నేను అద్దం బిగించిన దానికంటే ఆమె బోర్డు నిలబెట్టడానికే ఎక్కువ సేపు పట్టేది. నాకు నవ్వొచ్చేది.

"ఏటమ్మా, పెళ్ళిచూపులా? గ్లాసు సరిగ్గా కూకుంటే కెమెరా ఎక్కడికి పోద్ది?" అనేవాణ్ణి.

"అంకుల్, ఇది అంగూఠాతో, అదే బొటనవేలితో అయ్యే పని కాదు" అనేది తలెత్తకుండానే.

ఒకసారి ఆమె తల్లికి మోకాలి ఆపరేషను ఉందని రెండు వారాలు సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "కెమెరా బళ్ళు వస్తే ఆపండి, లేదంటే రాయ్‌పూర్ పంపండి. మీరు ఇచ్చెయ్యొద్దు" అని మరీ మరీ చెప్పింది. సరేనన్నాను.

రెండో రోజే సిస్టరమ్మ వచ్చారు.

ఆవిడ ప్లాంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. కోస్తా వైపునుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. డెబ్భై దాటాయి. పొట్టి మనిషి, సీటు బాగా ముందుకి లాక్కుని, వీపు నిటారుగా పెట్టి కారు నడుపుతారు. సెక్టర్లో అందరికీ సిస్టరమ్మే. ముందు పోతున్న లారీ మీంచి రాయి జారి అద్దానికి తగిలింది. నెర్ర ఒక మూలనుంచి ఇంకో మూలకి పాకింది.

"బాబూ, రేపు ఎనిమిదింటికల్లా ఇవ్వగలవా? ఒకావిడని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి" అన్నారు.

"ఎనిమిదేటి అమ్మగారూ, ఏడున్నరకే ఇచ్చీస్తాను" అన్నాను.

అద్దం ఆ మధ్యాహ్నమే రాయ్‌పూర్ నుంచి వచ్చింది. బిగించాను. ఇప్పటికీ చెబుతున్నాను, నా చేతి పనుల్లో అంత నీటుగా కూర్చున్న అద్దాలు పది కూడా ఉండవు. గమ్ ఆరాక కెమెరా తగిలించి తాళం తిప్పాను. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు గానీ పసుపులైటు గానీ లేదు. లైటు లేదంటే రోగం లేదు అనుకున్నాను. అయినా ఎందుకైనా మంచిదని హథ్‌ఖోజ్ సందుల్లో రెండు చుట్లు తిప్పాను. బండి పాలమీద మీగడలా పోయింది. హథ్‌ఖోజ్ సందుల్లో తెల్లగీతలనేవే లేవన్న సంగతి నాకు గుర్తు రాలేదు. గీతలు లేని చోట పరీక్ష పెట్టి, ఫస్టు క్లాసులో పాసయిందని నేనే మార్కులేసుకున్నాను. పొద్దున్న ఏడున్నరకి బండి ఇచ్చేశాను.

మూడో రోజు ఫోను చేశారు.

"బాబూ, బండి ఎడమకి లాగుతున్నట్టుంది. నిన్న పెద్ద రోడ్డు మీద స్టీరింగు దానంతటదే తిరిగి, సైకిలాయన మీదకి పోబోయాను. అద్దం మార్చావు కదా, ఏమైనా..."

అక్కడ నేను 'తీసుకురండి, చూద్దాం' అని ఉంటే ఈ కథే లేదు. ఒక బస్సు అద్దం చేతుల్లో ఉంది, పక్కన ఇద్దరు అరుస్తున్నారు. వాటికి మించి, నా పనిలో తప్పు ఉండడం అన్నది నా ఊహకే అందలేదు.

"గ్లాసు బ్రహ్మాండంగా ఉన్నాది అమ్మగారూ. మీరే గీత మీదకి ఎల్తన్నారేమో. అందుకే బండి సర్దుతంది."

"అంటే, నా చెయ్యా?"

"వయసు కదమ్మగారూ. కొంచెం నెమ్మదిగా నడపండి."

"సరే బాబూ" అని పెట్టేశారు. కస్టమరుకి మంచి సలహా ఇచ్చానన్న తృప్తితో మళ్ళీ బస్సు అద్దం పట్టుకున్నాను.

సెలవు అయిపోయి డిప్లొమా అమ్మాయి వచ్చింది. అందరికీ విశాఖ నుంచి జీడిపప్పు పాకం తెచ్చింది. నేను రెండు ముక్కలు నోట్లో వేసుకుని మూడోదానికి చెయ్యి చాపేసరికి, రిజిస్టరు తిరగేస్తూ ఆగింది.

"అంకుల్, ఈ తెల్ల కారు ఎంట్రీ మీ రాతే కదా? కాలిబ్రేషన్ గడి ఖాళీ ఉంది."

"అవసరం రాలేదమ్మా. లైటేటీ రాలేదు."

పెన్ను బల్లమీద పెట్టింది. "లైట్ ఆతీ హీ నహీ, అంకుల్. అన్ని బళ్ళలో లైటు రాదు. కెమెరాకి తను టేఢాగా, వంకరగా ఉందని తెలీదు కదా. తను సీదాగానే ఉంది అనుకుంటుంది. రోడ్డే టేఢా అనుకుంటుంది."

మూడో ముక్క డబ్బాలోనే వదిలేశాను. ఆమె కెమెరా గురించే చెప్పింది. నాకు మాత్రం ఫోను పట్టుకుని నిలబడ్డ నేనే కనిపించాను.

"ఆవిడ కంప్లెయింట్ ఏమైనా చేశారా?"

చేశారని చెప్పాను. నేనేం జవాబిచ్చానో కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె నన్ను తిట్టి ఉంటే కాస్త బాగుండేది. ఫోను తీసి ఆవిడ నంబరు కలిపింది. కొడుకు ఎత్తాడు. అమ్మ డ్రైవింగ్ మానేసింది, చేతులు పట్టు తప్పాయని తనే అంటోంది, బండి అమ్మేస్తున్నాం, రేపు పదకొండింటికి కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు అన్నాడు.

ఇద్దరం సేఠ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున్నే షాపు తెరిచి అగరొత్తులు వెలిగించి, సాయంత్రం దాకా ఎవరితోనూ గొడవ రాకూడదని కోరుకునే మనిషి. అంతా విని, గడ్డం గోక్కుని, ఉపాయం చెప్పాడు. "మా షాపు తరఫున ఫ్రీ చెకప్ అని ఫోన్ చేసి పిలవండి. గప్‌చుప్‌గా సరిచేసి పంపెయ్యండి. ఎందుకు, ఏమిటి అని చెప్పక్కర్లేదు. ఆవిడ ఎలాగూ నడపడం మానేసింది. అమ్ముకుంటారు, కొన్నవాడికి మంచి బండి దొరుకుతుంది. ఎవరికీ నష్టం లేదు."

వినడానికి ఎంత బాగుందో! నేను తలూపాను కూడా. ఎవరికీ నష్టం లేదు.

ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే మా ఆవిడ, "ఏటి, అలగున్నారు?" అంది. చెప్పాను. సేఠ్ ఉపాయం కూడా చెప్పాను. ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది.

"ఏ సిస్టరమ్మ? పెద్దాసుపత్రి కాన్పుల వార్డు సిస్టరమ్మా? సగం సెక్టరు ఆవిడ చేతుల్లో పుట్టినాది. మన పెద్దదాన్ని తలకిందులుగా పట్టుకుని ఏడిపించినది ఆవిడే. మీకు గుర్తు లేదా?"

లేదు. ఆ రోజు నేను బయట వరండాలో ఉన్నాను. తెల్లబట్టల మనిషి ఎవరో వచ్చి ఆడపిల్ల అని చెప్పి వెళ్ళింది. మొహం చూడలేదు.

"ఆ చేతులికా మీరు వంక పెట్టినారు?" అంది మా ఆవిడ.

మర్నాడు పది గంటలకి సెక్టర్ 6లో వాళ్ళ క్వార్టరు ముందు స్కూటరు ఆపాను. తెల్లకారు కడిగి, తుడిచి, పెళ్ళికూతురిలా గేటు దగ్గర నిలబెట్టారు. గంట కొడితే కొడుకు తలుపు తీశాడు. ప్లాంటులో ఉద్యోగం, నలభై ఐదేళ్ళ మనిషి. కొనడానికి వచ్చినవాణ్ణనుకుని, "పదకొండు అన్నారు కదా?" అన్నాడు. అద్దం బిగించినవాణ్ణి, అమ్మగారితో మాట్లాడాలి అన్నాను.

సిస్టరమ్మ వంటింట్లోంచి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చారు. గ్లాసు అంచుకి నిండుగా ఉంది, ఇంకో చుక్క వేస్తే ఒలికిపోయేంత. ఆవిడ దాన్నే చూస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, బల్లమీద పెట్టి, కింద తడి పడిందేమోనని వంగి చూశారు. చుక్క పడలేదు.

"చూశారా, పది రోజుల్నుంచి ఇదే పని" అన్నాడు కొడుకు. "పొద్దున్న లేస్తే సూదిలో దారం ఎక్కిస్తాది. రోజంతా ఇలా నిండు గ్లాసులు పట్టుకుని ఇల్లంతా తిరుగుతాది. కళ్ళ డాక్టరు బాగున్నాయన్నాడు. నరాల డాక్టరు బాగున్నాయన్నాడు. అయినా నమ్మదు. నేను మాత్రం, ఈ వయసులో నడపడం మానేస్తే మంచిదే కదా అన్నాను."

నేను ఆ నీళ్ళు తాగలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"అమ్మగారూ, మీ చేతులు బాగానే ఉన్నాయి. తప్పు నాదండి. అద్దం మార్చినాక కెమెరాకి చెయ్యాల్సిన పని ఒకటుంది. నేను చెయ్యకుండానే బండి ఇచ్చీసినాను. కెమెరా పక్కకి చూస్తంది. అందుకే ఎడమకి లాగుతంది. మీరు ఫోన్ చేసినప్పుడైనా చూడాల్సింది, చూడలేదు. మీ మీదకి నెట్టీసినాను."

కొడుకు మొహం ఎర్రబడింది. "ఏటి భయ్యా మీరు చెప్పేది? సైకిలాయన మీదకి బండి పోయేదంటండి! ఏదైనా అయ్యుంటే? మా అమ్మ పది రోజులు..." అంటూ నా మీదకి ఒక అడుగు వేశాడు.

సిస్టరమ్మ చెయ్యెత్తి కొడుకుని ఆపారు. వార్డులో అలా ఆపి ఆపి అలవాటైన చెయ్యి. నా వైపు చూసి, "ఫోనులో ఏమన్నావో గుర్తుందా?" అన్నారు.

"ఉన్నాదండి."

"మళ్ళీ చెప్పు."

చెప్పాను. వయసు కదమ్మగారూ, అన్న మాట ఆవిడ మొహం చూస్తూ చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఫోనులో ఎంత సులువుగా వచ్చిందో!

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. కాసేపు రెండు అరచేతులూ ఒళ్ళో తిరగేసి చూసుకున్నారు. తరవాత తేలిగ్గా, ఎవరో మూట దించినట్టు, పెద్ద ఊపిరి వదిలారు. "వార్డులో ఏ నర్సు పిల్లయినా తప్పు మందు ఇచ్చి, వచ్చి నాకు చెప్తే, ముందు పేషెంటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. పిల్లని తిట్టడం తరవాత. పద, ముందు బండి సంగతి చూడు" అని, కొడుకుతో, "ఆ కొనేవాళ్ళకి రావద్దని చెప్పు" అన్నారు.

"అమ్మా, నువ్వు మళ్ళీ..."

"సూదిలో దారం నువ్వు ఎక్కించు చూద్దాం. నేను నిమిషంలో ఎక్కిస్తా" అన్నారు. అతను ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు.

బండి నేను నడిపాను, కెమెరా సాయం బటను ఆపేసి. సిస్టరమ్మ పక్కన కూర్చున్నారు. షాపులో మా డిప్లొమా అమ్మాయి అప్పటికే గీతలు గీసి, బోర్డు నిలబెట్టి సిద్ధంగా ఉంది. సేఠ్ తన గది తలుపు కాస్త వేసుకున్నాడు.

అమ్మాయి టైర్లలో గాలి చూసింది. "డిక్కీ ఖాళీయే కదా అంకుల్?" అంది.

"ఖాళీయే" అన్నాను. తెరిచి చూశానా? లేదు. మనిషి ఒక్క పొద్దుటిలో మారడు పిల్లలూ.

కంప్యూటరు తగిలించింది. తెరమీద గీత నెమ్మదిగా నిండుతూ సగం దాకా వచ్చి ఆగింది. ఫెయిల్. బోర్డు మళ్ళీ కొలిచింది. మళ్ళీ ఫెయిల్. మూడోసారి కూడా అంతే. అద్దమే వంకరగా కూర్చుందేమో, నా బొటనవేలు నన్ను మోసం చేసిందేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. అంచులు మళ్ళీ మళ్ళీ తడుముతున్నాను.

అమ్మాయి బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక ఆగి, చతికిలబడి టైరుకీ బాడీకీ మధ్య సందు చూసింది. "అంకుల్, గాడీ వెనక దిగి ఉంది. ముక్కు పైకి ఉంది. కెమెరా ఆకాశం చూస్తోంది." లేచి డిక్కీ తెరిచింది.

అది డిక్కీ కాదు, చిన్న వార్డు. మడత పెట్టిన చక్రాల కుర్చీ ఒకటి. నడవడానికి పట్టుకునే స్టాండు ఒకటి. బి.పి. చూసే మిషను, దిండ్లు రెండు, వేడినీళ్ళ సంచి, గొడుగుల కట్ట, పెద్ద నీళ్ళ డబ్బాలు నాలుగు, వాటి మీద పాతిక కిలోల బియ్యం మూట.

"అమ్మమ్మా, యే సబ్ క్యా హై?" అంది అమ్మాయి.

"బియ్యం మా చర్చిలో ఒకావిడకి ఇవ్వాలి. మిగతావి నా పేషెంట్లవి" అన్నారు సిస్టరమ్మ, అదేదో అందరి డిక్కీలోనూ ఉండేదే అన్నట్టు. "నాతో పనిచేసినవాళ్ళు. ఆయాలు, వార్డు ఆవిడలు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి కళ్ళు, ఒకరికి పక్షవాతం. ఆటో ఎక్కలేరు. వారానికి నాలుగు రోజులు నేనే తిప్పుతాను. తిప్పేదాన్ని."

ఆ 'తిప్పేదాన్ని' విన్నాక నేను బియ్యం మూట భుజానికెత్తుకున్నాను. సేఠ్ కూడా గదిలోంచి వచ్చి, ఏం అనుకున్నాడో గాని, రెండు నీళ్ళ డబ్బాలు పట్టుకుని దించాడు. బండి వెనకభాగం రెండు వేళ్ళు పైకి లేచింది. అమ్మాయి మళ్ళీ కొలిచింది, మళ్ళీ నొక్కింది. గీత నిండింది. పాస్.

"చూసినావా, గ్లాసు సీదాగానే ఉన్నాది!" అన్నాను ఆపుకోలేక.

"అంకుల్, గ్లాసు ఎప్పుడూ సీదానే ఉంది" అంది అమ్మాయి.

తరవాత ఏమయిందంటే, వారం తిరక్కుండానే సేఠ్ షాపు గోడమీద పెద్ద అక్షరాలతో బోర్డు రాయించాడు: కెమెరా సరిచెయ్యకుండా ఏ బండీ ఈ గేటు దాటదు. వచ్చిన ప్రతి కస్టమరుకీ, ఇది మొదటినుంచీ మా నియమం అని చెప్పేవాడు. నేనూ, అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తల దించుకునేవాళ్ళం. రిటైరయ్యేదాకా ఆ రిజిస్టరులో గడులన్నీ నేనే దగ్గరుండి నింపించాను. బొటనవేలితో తడమడం మాత్రం మానలేదు. అది ఉస్తాద్ ఇచ్చింది. కాకపోతే తడిమాక స్కేలు కూడా పెట్టేవాణ్ణి.

ఆ రోజుకి ఇంకా రోడ్డు పరీక్ష మిగిలింది. డిక్కీ సామానంతా షాపులోనే పెట్టి, నేను ముందు సీట్లో, అమ్మాయి కంప్యూటరుతో వెనక కూర్చున్నాం. సిస్టరమ్మని తాళం తిప్పమన్నాను. ఆవిడ స్టీరింగు మీద చేతులు పెట్టి, తాళం తిప్పకుండా నా వైపు తిరిగారు.

"నువ్వు నడపకూడదా?" అన్నారు.

"లేదమ్మగారూ. మీరే నడపాలి."

కుమ్హారి వైపు పెద్ద రోడ్డెక్కాం. తెల్లగీతలు పాలధారల్లా ఉన్నాయి. మొదట ఆవిడ భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. లారీ పక్కనుంచి పోయినప్పుడు ఊపిరి బిగబట్టారు. బండి గీతల మధ్య తన మానాన తను పోతోంది. ఎటూ లాగడం లేదు.

రోడ్డు ఖాళీ అయ్యాక అమ్మాయి వెనకనుంచి, "అమ్మమ్మా, ఇప్పుడు కావాలని కొంచెం ఎడమ గీత వైపు పోనివ్వండి. ధీరే ధీరే. భయం లేదు" అంది.

సిస్టరమ్మ పోనిచ్చారు. టైరు గీతకి దగ్గరవుతుండగా స్టీరింగు ఆవిడ చేతుల్లో మెత్తగా కదిలి, పిల్లని మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినట్టు, బండిని నడిమికి తెచ్చింది.

"ఆఁ" అన్నారు. "ఇదీ. ఇది నాకు తెలిసిన బండి."

భుజాలు దిగాయి. వేళ్ళు వదులయ్యాయి. ఇంకో రెండు మైళ్ళు పోయాక, అద్దంలోంచి ముందుకే చూస్తూ నన్ను తిట్టడం మొదలుపెట్టారు. గొంతు పెంచలేదు. ముప్పై ఏళ్ళు జూనియర్ నర్సుల్ని తిట్టిన మనిషి తిట్టు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తెలియనప్పుడు తెలియదని చెప్పడం నేర్చుకో అన్నారు. ఎదుటివాళ్ళ వయసు నీ పనికి సాకు కాదన్నారు. ఒక ముసలిదాన్ని తన చేతుల్ని తనే అనుమానించేలా చెయ్యడం, చెయ్యి విరగ్గొట్టడం కంటే పెద్ద దెబ్బ అన్నారు. నేను అవునండి, అవునండి అంటున్నాను. వెనక అమ్మాయి కంప్యూటరు వెనక మొహం దాచుకుని నవ్వుతోంది. తిట్టడం అయ్యాక, "నీ పెద్దపిల్ల ఎలా ఉంది? అప్పుడు పాపం నాలుగు నిమిషాలు ఏడవలేదు" అన్నారు. నా మొహం ఆవిడకి మొదటినుంచీ గుర్తే.

ఇద్దరు పిల్లల తల్లి అయిందని చెప్పాను.

కుమ్హారి వచ్చింది. "బస్, ఇక్కడ తిప్పుకుందాం అమ్మమ్మా. టెస్ట్ అయిపోయింది" అంది అమ్మాయి. సిస్టరమ్మ తిప్పలేదు. పెద్ద రోడ్డు వదిలి ఒక సందులోకి పోనిచ్చారు. నీలం తలుపుల ఇంటి ముందు ఒకావిడ ఇస్త్రీ చీర కట్టుకుని, ఒక చేత్తో నాలుగుకాళ్ళ కర్ర, భుజానికి సంచీ పెట్టుకుని నిలబడి ఉంది. కుడిచెయ్యి కదలడం లేదు. మమ్మల్ని చూసి, కదిలే సగం మొహంతోనే నవ్వింది.

"షాపులోంచే ఫోన్ చేసి రెడీగా ఉండమన్నాను" అన్నారు సిస్టరమ్మ, బ్రేకు వేస్తూ. "పది రోజులై ఆసుపత్రిలో చేతికి వ్యాయామం చేయించుకోవడం మానేసింది, నా మూలాన. ఇవ్వాళ మధ్యాహ్నం రమ్మన్నారు." తరవాత నా వైపు తిరిగి, "దిగు బాబూ. ముందు సీటు పేషెంటుది" అన్నారు.

దిగాను. ఆవిడని నెమ్మదిగా ఎక్కించి, బెల్టు పెట్టి, కర్ర తీసుకుని వెనక అమ్మాయి పక్కన కూర్చున్నాను. ముందు ఇద్దరూ అప్పుడే ఎవరి గురించో మాటల్లో పడ్డారు. బండి మళ్ళీ పెద్ద రోడ్డెక్కింది. కర్ర ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళిద్దరి తలల మధ్యలోంచి ముందుకి చూశాను. నేను బిగించిన అద్దంలోంచి, ఎక్కడికో వెళ్ళేవాడిలా వెనక సీట్లో కూర్చుని రోడ్డు చూడడం, అన్నేళ్ళలో అదే మొదటిసారి.

బాగా కనిపించింది.